గేమ్ సబ్‌స్క్రిప్షన్ మీకు గిట్టుబాటవుతుందా? డబ్బు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

2025 అక్టోబరు 1న మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్, పీసీ గేమ్‌ల సబ్‌స్క్రిప్షన్ గేమ్ పాస్‌లో అన్నిటికంటే పెద్ద ప్లాన్ అయిన అల్టిమేట్ ధరను అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుంచి ఒక్కసారిగా 29.99 డాలర్లకు పెంచింది. మన దేశంలో అదే ప్లాన్ 829 రూపాయల నుంచి 1,389కి వెళ్లింది, పీసీ గేమ్ పాస్ అయితే 449 నుంచి 939కి, అంటే రెట్టింపు కంటే ఎక్కువే. అంతకుముందు 2023 సెప్టెంబరులో సోనీ కూడా తన సబ్‌స్క్రిప్షన్ ప్లేస్టేషన్ ప్లస్ (ఇకపై ప్లస్) ఏడాది ప్లాన్ల రేట్లు పెంచేసింది. నెలకు నాలుగైదు వందలు ఉన్నప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు, పోతే పోయిందిలే అనుకున్నారు. ఇప్పుడు అలా అనుకునే రేట్లు కావు. ఏడాది తిరిగేసరికి తడిసి మోపెడవుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగమో చదువో ఉండి, వారానికి నాలుగైదు గంటలు ఆడుకునే వాళ్లకు పన్నెండు నెలలూ పెద్ద ప్లాన్ నడపడం దండగ. అదే మనిషి ఏడాదికి రెండు మూడు నెలలు మాత్రం కట్టి, ఆ నెలల్లో ఆడాలనుకున్నవి ఆడేసి ఆపేస్తే మాత్రం ఇంతకంటే చవకైన దారి లేదు. అంటే సబ్‌స్క్రిప్షన్ మంచిదా చెడ్డదా అని తేల్చడం కాదు, మీరు దాన్ని ఎలా వాడతారన్నదే లెక్క. ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఒక్కో అడుగూ కింద రాస్తున్నాను. ధరలన్నీ నేను ఉదాహరణకు తీసుకున్నవి, కంపెనీలు ఆ పెంపుల సమయంలో మన దేశానికి ప్రకటించినవి. మీరు కట్టే రోజు స్క్రీన్ మీద వేరే అంకె కనిపిస్తే అది పెట్టి ఇదే లెక్క వేసుకోండి, పద్ధతి మారదు.

మొదటి అడుగు: గత ఏడాది నిజంగా ఏం ఆడారో చూడండి

అందరూ ముందు కాటలాగ్, అంటే సబ్‌స్క్రిప్షన్‌లో ఆడుకోగలిగే గేమ్‌ల జాబితా తెరుస్తారు. నాలుగు వందల గేమ్‌లు అని కనపడగానే చెయ్యి ఆగదు. కాటలాగ్ కాదు, ముందు మీ సొంత చరిత్ర తెరవండి. ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి గేమ్స్ ట్యాబ్ చూస్తే ఏ గేమ్ ఎన్ని గంటలు ఆడారో వస్తుంది. పీసీ గేమ్‌ల స్టోర్ అయిన స్టీమ్‌లో, లైబ్రరీలో ఒక్కో గేమ్ పేజీలోనే గంటలు ఉంటాయి. ఎక్స్‌బాక్స్‌లో అచీవ్‌మెంట్ల దగ్గర చూడొచ్చు.

గంటలు చూడటంతో ఆపేయకండి, ట్రోఫీలు కూడా చూడండి. కథ ఉన్న గేమ్ అయితే ఒక్కో అధ్యాయం అయ్యాక ఒక ట్రోఫీ వస్తుంది కదా, చివరి అధ్యాయం ట్రోఫీ ఎన్ని గేమ్‌లకు వచ్చిందో లెక్కపెట్టండి. చాలామందికి ఈ అంకె చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇరవై గేమ్‌లు డౌన్‌లోడ్ చేసి ఉంటారు, పన్నెండింట్లో రెండు గంటలు కూడా దాటి ఉండరు, పూర్తి చేసినవి మూడో నాలుగో ఉంటాయి, మిగతా సమయమంతా ఫుట్‌బాల్ గేమ్‌కో ఫోర్ట్‌నైట్‌కో వెళ్లిపోయి ఉంటుంది. అలా ఉండటం తప్పేం కాదు, ఆట అంటే సరదా కోసమే. కానీ మీరు డబ్బు కట్టాల్సింది మీరు ఆడే నాలుగు గేమ్‌ల కోసం, షాపులో ఉన్న నాలుగు వందల కోసం కాదు. ఆ నాలుగు అనే అంకెను ఒక కాగితం మీద రాసుకోండి, నాలుగో అడుగులో దాంతో పని ఉంది.

రెండో అడుగు: ఆన్‌లైన్ ఫీజు వేరు, కాటలాగ్ ఫీజు వేరు

ఇక్కడే ఎక్కువమంది కలిపేసుకుని ఎక్కువ కట్టేస్తారు. ప్లేస్టేషన్‌లో గానీ ఎక్స్‌బాక్స్‌లో గానీ మీరు డబ్బు పెట్టి కొన్న గేమ్‌ను ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్‌లకు అక్కర్లేదు, ఎక్స్‌బాక్స్ కూడా 2021 ఏప్రిల్ నుంచి ఆ షరతు తీసేసింది. పీసీలో అయితే ఆన్‌లైన్ ఆడటానికి ఇలాంటి ఫీజు లేదు.

కాబట్టి మీరు ప్లేస్టేషన్‌లో ఫుట్‌బాల్ ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడే మనిషైతే ప్లస్‌లో అన్నిటికంటే చిన్నదైన ఎసెన్షియల్ ప్లాన్ ఎలాగూ తప్పదు, అది మీకు కరెంటు బిల్లు లాంటి ఖర్చు, దాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలే ప్రశ్న ఒక్కటే: దాని పైన, కాటలాగ్ కూడా ఇచ్చే ఎక్స్‌ట్రా ప్లాన్‌కు పెట్టే అదనపు డబ్బు గిట్టుబాటవుతుందా? 2023 పెంపు తర్వాత మన దగ్గర ఎసెన్షియల్ ఏడాదికి 3,949 రూపాయలు, ఎక్స్‌ట్రా 6,699. తేడా 2,750. అంటే అప్పటికే ఆన్‌లైన్ కోసం కడుతున్న వాళ్లకు కొన్ని వందల గేమ్‌ల కాటలాగ్ ఏడాదికి 2,750 రూపాయలకు వస్తోంది. ఏడాదిలో మీరు కొనాలనుకున్న గేమ్‌లు రెండు ఆ కాటలాగ్‌లో దొరికినా డబ్బు వచ్చేసినట్టే. ఆన్‌లైన్ అసలే ఆడని మనిషికి మాత్రం ఇదే ఎక్స్‌ట్రా 6,699 రూపాయల ఖర్చు, లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇద్దరూ ఒకే ప్లాన్ తీసుకుంటారు, ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. అందుకే ఎవరో స్నేహితుడు బాగుందన్నాడని తీసుకోకండి, వాడు ఆన్‌లైన్ ఆడతాడేమో కనుక్కోండి.

డీలక్స్ ప్లాన్ గురించి ఒక మాట. వేరే దేశాల్లో ప్రీమియం అని ఉండేదానికి బదులు మన దగ్గర డీలక్స్ ఇస్తున్నారు, అందులో క్లౌడ్ స్ట్రీమింగ్ (గేమ్ డౌన్‌లోడ్ చేయకుండా నెట్ ద్వారా నేరుగా ఆడటం) ఉండదు. ఎక్స్‌ట్రా మీద వచ్చేవి పాత తరం క్లాసిక్ గేమ్‌లు, కొన్ని కొత్త గేమ్‌లకు కొద్ది గంటల ట్రయల్. ప్లేస్టేషన్ 1, ప్లేస్టేషన్ 2 కాలం నాటి గేమ్‌ల మీద నిజంగా మనసున్నవాళ్లకు తప్ప నేను దీన్ని ఎవరికీ చెప్పను.

మూడో అడుగు: మీకు కావాల్సిన గేమ్‌లు అసలు అందులో ఉన్నాయా

వచ్చే ఏడాదిలో ఆడాలనుకుంటున్న గేమ్‌లు ఒక ఆరేడు రాసుకోండి. కాటలాగ్ చూసి రాయకండి, చూడకముందే రాయండి. కాటలాగ్ చూశాక రాస్తే అక్కడున్నవే మీకు కావాల్సినవిగా అనిపిస్తాయి.

ఇప్పుడు ఒక్కోటీ వెతకండి. కొన్ని ఎప్పటికీ దొరకవు. బల్దూర్స్ గేట్ 3 చేసిన లారియన్ స్టూడియో అధిపతి స్వెన్ వింకె 2024 జనవరిలో తమ గేమ్‌లు సబ్‌స్క్రిప్షన్ సర్వీసుల్లో కనిపించవని బహిరంగంగానే చెప్పాడు. కొన్ని దొరుకుతాయి గానీ ఆలస్యంగా. సోనీ తన సొంత పెద్ద గేమ్‌లను విడుదల రోజే ప్లస్‌లో పెట్టదు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2022 నవంబరులో వచ్చింది, ఎక్స్‌ట్రా కాటలాగ్‌లోకి 2025 జనవరిలో చేరింది, రెండేళ్ల పైమాటే. హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ ఏడాదికి వచ్చింది. కాబట్టి ప్లేస్టేషన్ వాళ్లు కొత్త గేమ్ వెంటనే ఆడాలన్న కోరికతో ఎక్స్‌ట్రా తీసుకుంటే నిరాశే మిగులుతుంది. ఆగి ఆడగలిగే ఓపిక ఉన్నవాళ్లకు అది బంగారం.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. అల్టిమేట్‌లో, పీసీ గేమ్ పాస్‌లో తన గేమ్‌లు విడుదల రోజే పెడుతూ వచ్చింది. 2024 అక్టోబరులో కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 6 అలాగే వచ్చింది. బయటి స్టూడియోల గేమ్‌లు కూడా కొన్ని అలా వస్తాయి. క్లేర్ ఆబ్‌స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 విడుదలైన 2025 ఏప్రిల్ 24నే గేమ్ పాస్‌లో ఉంది. ఆ గేమ్ కథ ముప్పై గంటల చిల్లర. అమెరికాలో దాని ధర దాదాపు 50 డాలర్లు. అప్పట్లో మన దగ్గర పీసీ గేమ్ పాస్ 449 రూపాయలు. ఆ వేసవిలో ఒక్క నెల కట్టి రోజుకు గంటన్నర చొప్పున ఆడుకున్నవాళ్లకు ఆ ఏడాది పేరు తెచ్చుకున్న గేమ్ ఒకటి 449 రూపాయలకు పూర్తయింది. 2025 అక్టోబరు పెంపు తర్వాతి 939 రూపాయలకైనా ఆ పద్ధతిలో వాడితే ఇంకా లాభమే.

ఇంకో సంగతి, గేమ్‌లు వెళ్లిపోతుంటాయి. జీటీఏ 5నే చూడండి. 2021 ఏప్రిల్‌లో గేమ్ పాస్‌లోకి వచ్చింది, ఆగస్టులో వెళ్లింది, 2023 జులైలో తిరిగొచ్చింది, 2024 జనవరిలో మళ్లీ పోయింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. సోనీ సొంత గేమ్ అయిన హొరైజన్ జీరో డాన్ కూడా 2024 మేలో ప్లస్ కాటలాగ్‌లోంచి వెళ్లిపోయింది, సొంత గేమే కదా ఎక్కడికి పోతుందిలే అనుకోవడానికి వీల్లేదు. గేమ్ పాస్‌లో సాధారణంగా నెల మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి కొన్ని గేమ్‌లు తీసేస్తారు, ముందుగా త్వరలో వెళ్లిపోతున్నాయని ఒక వరుస చూపిస్తారు. ప్లేస్టేషన్‌లో కాటలాగ్ మార్పులు నెలలో మూడో మంగళవారం జరుగుతాయి. వంద గంటలు పట్టే గేమ్ మొదలుపెట్టే ముందు ఆ వరుసలో దాని పేరు ఉందేమో ఒక్కసారి చూసుకోండి. అంత పెద్ద గేమ్‌లు నెమ్మదిగా ఆడేవాళ్లు మాత్రం సేల్‌లో ధర తగ్గినప్పుడు కొనుక్కోవడమే మేలు, టెన్షన్ ఉండదు.

నాలుగో అడుగు: అసలు లెక్క

ఏడాది ఖర్చును గేమ్ ధరతో భాగించి ఇన్ని గేమ్‌లు ఆడితే లాభం అని చాలామంది చెప్తారు. ఉదాహరణకు అల్టిమేట్ నెలకు 1,389 అంటే ఏడాదికి 16,668. పీఎస్5 పెద్ద గేమ్ కొత్తది ఇక్కడ 4,999 ఉంటుంది, అదే రేటు పెట్టుకుంటే మూడు గేమ్‌లకు కాస్త పైనే, కాబట్టి ఏడాదికి నాలుగు గేమ్‌లు ఆడితే లాభమే అంటారు. వినడానికి బాగుంది, కానీ లెక్కలో లోపం ఉంది. మీరు ఆ నాలుగు గేమ్‌లనూ నిజంగా 4,999 పెట్టి కొనేవాళ్లా?

సబ్‌స్క్రిప్షన్ లేకపోతే మీరు ఏం చేసేవాళ్లో ఆ ధరే వేయాలి. ఒకటి విడుదల రోజే కొనేవాళ్లు, సరే, 4,999. రెండోది ఆరు నెలలాగి సేల్‌లో 2,000కి కొనేవాళ్లు, 2,000 వేయండి. మూడోది సెకండ్ హ్యాండ్ డిస్క్ తెచ్చుకుని ఆడి మళ్లీ అమ్మేసేవాళ్లు. మూడు వేలకు కొని రెండువేల మూడు వందలకు అమ్మితే మీ అసలు ఖర్చు 700, ఆ 700 మాత్రమే వేయాలి. నాలుగోది సబ్‌స్క్రిప్షన్‌లో కనిపించింది కాబట్టి ఆడారు గానీ కొనేవాళ్లే కాదు. దానికి సున్నా వేయలేం, సరదాగా గడిచింది కదా, నేనైతే ఒక 500 వేస్తాను. మొత్తం 8,199. ఏడాదికి 16,668 కట్టే మనిషికి వచ్చిన విలువ సగం కూడా లేదు. అదే మనిషి ఆ నాలుగూ మూడు నెలల్లో సర్దుకుని ఆడేస్తే 4,167కే అయిపోయేది, అప్పుడు దాదాపు రెండింతల విలువ. గేమ్‌లు అవే, మనిషి అదే, కట్టిన నెలలే వేరు.

మొదటి అడుగులో రాసుకున్న అంకె ఇక్కడ వాడండి. గత ఏడాది నాలుగు పూర్తి చేసిన మనిషి ఈ ఏడాది పద్నాలుగు పూర్తి చేస్తానని లెక్క వేసుకోవద్దు.

ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఉన్నవాళ్లు ఇంకో పోలిక కూడా వేసుకోవాలి. 2025 అక్టోబరు మార్పుల తర్వాత నెలకు గేమ్ పాస్ ఎసెన్షియల్ 499, ప్రీమియం 699, అల్టిమేట్ 1,389 అయ్యాయి. ప్రీమియంలోనూ రెండు వందలకు పైగా గేమ్‌లు ఉంటాయి, మైక్రోసాఫ్ట్ కొత్త గేమ్‌లు ఏడాదిలోపు చేరతాయని చెప్పారు, కాల్ ఆఫ్ డ్యూటీ మాత్రం ఆ మాటలో లేదు. ఆ రేట్లలో ప్రీమియంకూ అల్టిమేట్‌కూ తేడా నెలకు 690, ఏడాదికి 8,280. అంటే విడుదల రోజే ఆడటం అనే సౌకర్యానికి మీరు ఏడాదికి ఎనిమిది వేలు పైన కడుతున్నారు. విడుదల వారంలోనే పూర్తి ధర పెట్టి కొనే గేమ్‌లు ఏడాదికి రెండు ఉంటే అది సరిపోతుంది. ఒకటే ఉంటే, ఆ ఒక్కటీ కొనుక్కుని ప్రీమియంలో ఉండండి. ఒక్కటీ లేకపోతే అల్టిమేట్ ఊసే వద్దు.

ఇప్పటికే పాత ధరకు ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతున్నవాళ్లు ఉంటే తొందరపడి రద్దు చేయకండి. మీ అకౌంట్‌లో తర్వాతి బిల్లు ఎంత చూపిస్తోందో ముందు చూసుకోండి, ఎందుకంటే ఒకసారి ఆపేసి మళ్లీ తీసుకుంటే కొత్త ధరే పడుతుంది.

ఐదో అడుగు: మీ నెట్, మీ స్టోరేజ్

ఇది చాలామంది మర్చిపోతారు. సబ్‌స్క్రిప్షన్ అంటే అంతా డౌన్‌లోడే, డిస్క్ ఉండదు. పెద్ద గేమ్‌లు వంద జీబీ దగ్గరగా, కొన్ని అంతకు మించి ఉంటాయి. 100 ఎంబీపీఎస్ లైన్‌లో వంద జీబీ దిగడానికి రెండుంపావు గంటలు పడుతుంది, 30 ఎంబీపీఎస్ అయితే ఏడున్నర గంటలు, అదీ వేగం పూర్తిగా వస్తేనే. ఊళ్లో మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లకు రోజూ వచ్చే రెండు జీబీ దీనికి ఏ మూలకూ చాలదు, వాళ్లు డిస్క్ కొనుక్కోవడమే నయం. బ్రాడ్‌బ్యాండ్‌లో అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లకూ పరిమితి ఉంటుంది, జియో, ఎయిర్‌టెల్ ఫైబర్లలో నెలకు 3.3 టీబీ వరకు అన్న షరతు కనిపిస్తుంది, ఒక ఇంటికి అది ఎక్కువే కాబట్టి అక్కడ భయం లేదు. చిన్న కేబుల్ ఆపరేటర్ దగ్గర లైన్ తీసుకున్నవాళ్లు మాత్రం ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గిస్తారో అడిగి తెలుసుకోండి.

క్లౌడ్‌లో ఆడుకోవచ్చు కదా అంటారా, ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2025 నవంబరులో మన దేశంలోనూ మొదలైంది. కన్సోల్ లేకుండా పాత ల్యాప్‌టాప్‌లోనో టీవీలోనో ఆడేయొచ్చు, ఇది నిజంగా మంచి విషయం. కానీ గంటలకు గంటలు వైఫై ఊగిసలాడకుండా ఉండాలి. మీ ఇంట్లో సాయంత్రం ఎనిమిదింటికి, అందరూ ఫోన్ల మీద ఉన్నప్పుడు ఒక నెల వాడి చూసి అప్పుడు నిర్ణయించుకోండి, మధ్యాహ్నం పరీక్షిస్తే అసలు సంగతి తెలియదు.

ఆరో అడుగు: నెలవారీనా, ఏడాదికా

2023 పెంపు తర్వాత ప్లస్ ఎక్స్‌ట్రా నెలకు 749, ఏడాదికి 6,699గా ఉండేది. భాగించి చూస్తే తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల కంటే తక్కువ వాడేవాళ్లకు ఏడాది ప్లాన్ నష్టం. ఎసెన్షియల్ 499, 3,949 కాబట్టి అక్కడ హద్దు ఎనిమిది నెలలు. పరీక్షలున్న పిల్లలు, ప్రాజెక్ట్ గడువులతో రెండు మూడు నెలలు కంట్రోలరే ముట్టుకోని ఐటీ వాళ్లు, ఏడాది ప్లాన్ చవక అని కట్టేసి సగం వదిలేస్తారు. హాస్టల్ మెస్‌కు నెల మొత్తం కట్టి ఇంటికెళ్లిపోతే తిరిగిచ్చేవాళ్లు ఉండరు కదా, ఇదీ అంతే. ఏడాది పొడుగునా ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడేవాళ్లు మాత్రం ఏడాది ప్లానే తీసుకోండి, అదీ సోనీ సేల్స్ పెట్టినప్పుడు, నవంబరు బ్లాక్ ఫ్రైడే సమయంలో తరచూ తగ్గిస్తుంటారు.

నెలవారీ పద్ధతికి చిన్న ప్రణాళిక చాలు. ఆడాలనుకున్నవి రెండు మూడు కాటలాగ్‌లో పోగుపడే వరకు ఆగండి. పోగుపడ్డాక సెలవులు కలిసొచ్చే నెల చూసుకుని కట్టండి, దసరా, సంక్రాంతి, వేసవి ఏదైనా సరే.

ఏడో అడుగు: కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపండి

ఇది రేపు చూద్దాం అనుకునే పని కాదు, డబ్బు కట్టిన ఐదు నిమిషాల్లో చేయాలి. ఆపినంత మాత్రాన ఆ నెల పోదు, చివరి రోజు వరకు ఆడుకోవచ్చు.

పీఎస్5లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యూజర్స్ అండ్ అకౌంట్స్ తెరిచి, అకౌంట్ కింద పేమెంట్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో సబ్‌స్క్రిప్షన్స్ నొక్కండి. అక్కడ ప్లస్ పేరు ఉంటుంది, దాని లోపల ఆటో రెన్యూ ఆపే బటన్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అయితే కన్సోల్‌తో కుస్తీ పడేకంటే ఫోన్ బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, సర్వీసెస్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో గేమ్ పాస్ పక్కన మేనేజ్ నొక్కడం సులువు.

యూపీఐతో కట్టినవాళ్లు ఇంకో చోట కూడా చూడాలి. ఫోన్‌పే, గూగుల్ పే రెండింట్లోనూ ప్రొఫైల్ దగ్గర ఆటోపే అని ఉంటుంది, మీ ఖాతాలోంచి ఎవరెవరికి నెలనెలా వెళ్తోందో ఆ జాబితా మొత్తం అక్కడ కనిపిస్తుంది. అక్కర్లేనివి అక్కడ కూడా రద్దు చేయండి. ఒక రూపాయికి ట్రయల్ అన్న ఆఫర్లకు ఒప్పుకున్నప్పుడు మీరు ఒక రూపాయికే ఒప్పుకోలేదు, పై నెల పూర్తి మొత్తానికి కూడా అనుమతి ఇచ్చారు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు సమాచారం పంపాలి. కానీ 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. మనం మాట్లాడుకుంటున్న ఏ ప్లానూ ఒక్క దఫాలో అంత ఉండదు. కాబట్టి ఆ ఒక్క ఎస్ఎంఎస్ చూడకపోతే చేతి చమురు వదిలినట్టే.

కార్డు అసలు సేవ్ చేయకుండా గిఫ్ట్ కార్డుతో వాలెట్‌లో సరిపడా డబ్బు వేసి కొనడం ఇంకా మంచి పద్ధతి, ముఖ్యంగా పిల్లల అకౌంట్లకు. వాలెట్ ఖాళీ అయితే రెన్యువల్ దానంతటదే ఆగిపోతుంది.

ఎనిమిదో అడుగు: చవక అకౌంట్ల జోలికి వెళ్లొద్దు

టెలిగ్రామ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఏడాది ప్లస్‌ను నాలుగో వంతు ధరకు ఇస్తామనేవాళ్లు కోకొల్లలు. ఇస్తారు కూడా, కొన్నాళ్లు పనిచేస్తుంది కూడా. వాళ్లు అమ్మేది నలుగురైదుగురికి పంచిన ఒకే అకౌంట్, లేదా వీపీఎన్‌తో వేరే దేశం పేరు మీద తీసినది. అసలు పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు మార్చేసినా, కంపెనీ నిషేధించినా మీకు చెప్పుకునే దిక్కు ఉండదు, మీరు అందులో కొన్న గేమ్‌లు, ఎంతవరకు ఆడారో దాచుకున్న సేవ్‌లు అన్నీ పోతాయి. డబ్బు తక్కువే పోయిందిలే అనుకున్నా, వంద గంటలు ఆడిన సేవ్ ఎవరు తిరిగిస్తారు?

చవకగా వాడాలంటే నిజాయితీ దారి ఉంది. మీ పీఎస్5లో కన్సోల్ షేరింగ్ ఆన్ చేస్తే ఆ కన్సోల్‌లోని తమ్ముడి అకౌంట్‌కూ మీ ప్లస్ పనిచేస్తుంది, వాడి సేవ్‌లు, ట్రోఫీలు వాడివే. ఎక్స్‌బాక్స్‌లో హోమ్ ఎక్స్‌బాక్స్ అని పెట్టుకుంటే ఇదే సౌకర్యం. ఇంట్లో ఇద్దరు ఆడేవాళ్లుంటే పై లెక్కలన్నీ సగానికి పడతాయి.

తొమ్మిదో అడుగు: కట్టకుండా ఏం దొరుకుతుందో చూసి అప్పుడు తేల్చండి

పీసీ వాళ్లకు ఇక్కడ అదృష్టం ఎక్కువ. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఉచితంగా గేమ్‌లు ఇస్తూనే ఉంది, క్లెయిమ్ చేసినవి మీ లైబ్రరీలోనే ఉంటాయి, నెలనెలా కట్టే పనిలేదు. స్టీమ్‌లో పెద్ద సేల్స్ ఏడాదికి నాలుగు సార్లు వస్తాయి, పైగా కొని రెండు వారాలు దాటకుండా, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ వాళ్లకు పాత డిస్కుల మార్కెట్ ఉంది, సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట్ల షాపుల్లో అడగొచ్చు, ఓఎల్ఎక్స్ ఉండనే ఉంది. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ వాడేవాళ్లకు ఈ దారి లేదు కాబట్టి వాళ్లకు సబ్‌స్క్రిప్షన్ విలువ కాస్త ఎక్కువే.

ఫోన్‌లో మాత్రమే ఆడేవాళ్లకు గూగుల్ ప్లే పాస్ 2022లో నెలకు 99 రూపాయలతో ఇక్కడికి వచ్చింది. ప్రకటనలు, లోపల కొనుగోళ్లు లేకుండా పిల్లలకు ఇవ్వడానికి అది బాగుంటుంది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడేవాళ్లకు దాంతో పనిలేదు, వాళ్ల డబ్బు సీజన్ పాస్‌లకు పోతుంది. దాన్నీ సబ్‌స్క్రిప్షన్ కిందే రాసుకుని ఏడాదికి ఎంతవుతోందో ఒకసారి కూడి చూడండి. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో నింటెండో స్విచ్ కన్సోల్ ఉంటే మాత్రం ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, అక్కడ దాని సబ్‌స్క్రిప్షన్ స్విచ్ ఆన్‌లైన్ ఒకరికి ఏడాదికి 19.99 డాలర్లు, ఎనిమిది అకౌంట్ల వరకు కుటుంబ ప్లాన్ 34.99. పిల్లలిద్దరున్న ఇంటికి అది చవకే.

పదో అడుగు: మానేసే ముందు

ప్లస్ గడువు ఇంకా ఉండగానే ఆ నెల ఇచ్చిన నెలవారీ గేమ్‌లను లైబ్రరీలో వేసుకోండి, ఆడకపోయినా సరే. కాటలాగ్ గేమ్‌లకూ వీటికీ తేడా ఉంది: వేసుకున్న నెలవారీ గేమ్‌లు మీరు ఎప్పుడు మళ్లీ కట్టినా తిరిగి తెరుచుకుంటాయి. సగంలో ఉన్న గేమ్ నచ్చి కొనాలనుకుంటే కూడా గడువులోగానే ధర చూడండి, సభ్యులకు ఇచ్చే తగ్గింపు తర్వాత ఉండదు. సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్న గేమ్‌కు విడిగా డబ్బు పెట్టి డీఎల్‌సీ (గేమ్‌కు అదనంగా అమ్మే భాగాలు) కొనే అలవాటుంటే మానుకోండి, అసలు గేమ్ కాటలాగ్‌లోంచి వెళ్లిపోయాక ఆ డీఎల్‌సీ మీ దగ్గర ఉండి కూడా ఆడలేరు.

సేవ్ ఫైళ్ల సంగతి కూడా చూసుకోవాలి. ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఏడాది తర్వాత వచ్చినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. కానీ పీసీ గేమ్ పాస్‌లో ఆడిన గేమ్‌ను తర్వాత స్టీమ్‌లో కొంటే ఆ సేవ్ చాలావరకు పనిచేయదు, కొనసాగించాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే కొనాలి. ప్లేస్టేషన్‌లో క్లౌడ్ సేవ్ ప్లస్ సభ్యులకే, గడువు ముగిశాక ఆరు నెలలు ఉంచుతారు. పీఎస్5 గేమ్‌ల సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలు లేదు. గేమ్ డిలీట్ చేసినా కన్సోల్‌లో సేవ్ అలాగే ఉంటుంది, కాబట్టి స్టోరేజ్ ఖాళీ చేసేటప్పుడు గేమ్‌లు తీసేయండి, సేవ్ డేటాను మాత్రం ముట్టుకోకండి. కన్సోల్ అమ్మేసి కొత్తది తీసుకునే ఆలోచన ఉంటే అది ప్లస్ గడువు ఉన్న నెలలోనే పెట్టుకోండి, లేదా పాత కన్సోల్ చేతిలో ఉండగానే రెండింటినీ ఒకే వైఫైకి కలిపి డేటా ట్రాన్స్‌ఫర్ చేసేసుకోండి.